పేరు పక్కన రోజు

రోజు 1

మంచుపడవ పొద్దున్నే బయల్దేరింది. నేను రేవుకి వెళ్ళలేదు.

వెళ్ళకపోవడానికి కారణం చిన్నది. ఆ పడవకి సరంగు మా అక్క పైడితల్లి. దక్షిణాన మంచుకొండలు విరిగిపడే చోటికి నలభై రోజులు ప్రయాణం చేసి, ఒక ముక్కకి తాళ్ళు బిగించి, నలభై రోజులు లాక్కుంటూ రావాలి. అది వస్తేనే మా గట్టుకి ఏడాది తాగునీరు. పద్దెనిమిది మందిని అక్కే ఏరుకుంది. అందులో నేను లేను.

"నిన్నట్టుకెల్లిపోతే ఇక్కడోల్లకి మా సుద్దులు ఎవులు సెప్తారే? ఆ ప్రోగ్రామ్ రాసేది నువ్వొక్కద్దానివే కదేటి" అంది. కొండ కాలేజీలో నాలుగేళ్ళు చదివింది గట్టు మీద కూర్చోవడానికా అని అడగాలనుకున్నాను. అడగకుండా మాట్లాడటం మానేశాను. మూడు రోజులు. నాకు నడక నేర్పిన మనిషి, జడ వేసిన మనిషి, ఫీజు కోసం రెండేళ్ళు మంచుపడవలో తాళ్ళు లాగిన మనిషి మూడు రోజులు నా చుట్టూ తిరిగి, చివరికి తలుపు దగ్గర నిలబడి "ఎల్లొత్తానే" అంది. నేను కంప్యూటర్ తెరకేసి చూస్తూ ఉండిపోయాను.

పడవ కూత వినబడినప్పుడు యంత్రాల గదిలో ఉన్నాను. ఆ కూత ఆగేలోపే ప్రోగ్రామ్ ఎక్కించాను. నడిచింది. ఎవరికీ చెప్పాలనిపించలేదు.

రోజు 4

గట్టంటే నేల కాదు. మునిగిపోయిన ఊళ్ళ మీద లంగరేసిన ఆరు వందల మంది తేలుడు బల్ల. పాత అలవాటు కొద్దీ గట్టంటాం.

ఇవాళ కూడలిలో గోడతెర దగ్గర జనానికి ప్రోగ్రామ్ వాడటం నేర్పాను. పడవలో ప్రతి మనిషి దగ్గరా నాలుగు మీటలున్నాయి. సుఖం, తిరుగు, ఆగాం, సాయం. రోజుకి ఒకటి నొక్కుతారు. పొద్దున ఒక అరగంట సంకేతాలు మోసే గాలిబుడగ పడవ మీదుగా దాటుతుంది, అప్పుడవి మా సర్వర్‌కి వచ్చి పడతాయి. ఇక్కడివాళ్ళు తెర మీద అడ్రసు కొడితే ఆ మనిషి పేజీ వస్తుంది. సుఖమైతే పచ్చ దీపం. తిరుగుముఖం పడితే తెలుపు, ఆగితే పసుపు, సాయం కావాలంటే ఎరుపు.

"అడ్రసులో మొదటి గీత తర్వాత 'మనిషి' అని కొట్టండి. రెండో గీత తర్వాత పేరు. మూడో గీత తర్వాత ఎన్నో రోజుదో ఆ అంకె. మీరు కొట్టిన పేరునీ రోజునీ తీసుకెళ్ళి లోపల ఒక ఫంక్షన్ చేతిలో పెడుతుంది యంత్రం. ఆ ఫంక్షన్ వెతికి తెచ్చి చూపిస్తుంది" అన్నాను.

అందరూ తల ఊపారు. మూడో గీత దగ్గర ఊపడం ఆగిపోయింది.

గట్టు పెద్ద ఎల్లాజీ తాత గొంతు సవరించుకున్నాడు. "ఒలే నూకరత్నం. సదూకున్నదానివి, నీకు తెల్దని కాదు. సముద్రం మీదున్న మనిసి పేరు పక్కన రోజు ఎట్టకూడదు."

నాకు తెలుసు. రేవు పక్కన తాళ్ళకి చెక్కలు వేలాడుతుంటాయి. ఒక్కో చెక్క మీద ఒక పేరు, దాని పక్కన ఒక రోజు. పేరూ రోజూ పక్కపక్కన రాసేది తిరిగి రానివాళ్ళకే. బతికున్నవాళ్ళకి అలా రాస్తే ఆ రోజే వాళ్ళకి ఆఖరిదవుతుందని నమ్మకం.

"రోజు కొట్టకపోయినా పరవాలేదు తాతా. ఇవ్వకపోతే 'ఈ రోజు' అని అనుకొమ్మని రాశాను."

"మరి పేజీ మీద పైన ఆ అంకేటి?"

తీసేశాను. ఇప్పుడు పేజీలో పేరు, దీపం. అంతే. తాత సంతోషించాడు. మసేనమ్మ తన కొడుకు పేరు తనే కొట్టి, పచ్చ దీపం చూసి, తెరకి దండం పెట్టింది.

రోజు 19

పొద్దున నీటి తొట్టి కొలత. మధ్యాహ్నం సౌరపలకల మీద ఉప్పు తుడవడం. ఆ మధ్య ఖాళీల్లో తెర.

అక్క పేజీ రోజుకి ఎన్నిసార్లు చూస్తున్నానో లెక్కపెట్టకూడదనుకున్నాను. కానీ సర్వర్ లెక్కపెడుతుంది. నిన్న పదిహేడు. పచ్చ, పచ్చ, పచ్చ. తనకి ఏ మీటా సరిపోని సంగతులుంటాయి కదా అనిపిస్తుంది. 'ఇవాళ తిమింగలం కనబడింది', 'కాలు బెణికింది', 'నా చెల్లెలు ఇంకా అలిగే ఉందా'. వీటన్నిటినీ సుఖం మీటలో కుక్కి నొక్కుతోందేమో.

ఈ రోజు ఒక పని చేద్దామనుకున్నాను. మొన్నటి దీపం చూద్దామని అక్క పేరు పక్కన గీత కొట్టాను. పదిహేడు అని కొట్టాలి. వేలు ఒకటి మీద ఆగింది. కాలేజీ హాస్టల్లో ఈ చెక్కల నమ్మకం గురించి చెప్పి అందరినీ నవ్వించిన దాన్ని నేనే. గీత చెరిపేశాను. చేతులు కడుక్కుని నీటి కొలతకి వెళ్ళాను.

రోజు 33

ముప్ఫై మూడు రోజులుగా సర్వర్ ఒక్కసారి కూడా ఆగలేదు. పాత ప్రోగ్రామ్ వారానికి రెండుసార్లు చచ్చేది. ఎల్లాజీ తాతకి చెబితే "మీయక్క ఉంటే గట్టెక్కి సాటింపేసును" అన్నాడు.

వేస్తుంది. నిజమే. నేను అన్నీ ఆమెకి చెప్పడానికే చేస్తానేమో. చెప్పడానికి మనిషి లేకపోతే చేసిన పని సగంలో ఆగినట్టుంటుంది.

రోజు 46

నలభయ్యో రోజుకి మంచు దొరకాలి. నలభై ఒకటికి దీపాలు తెల్లబడాలి. ఇంకా పచ్చగానే ఉన్నాయి.

నీళ్ళ వరస దగ్గర మసేనమ్మ నన్ను పట్టుకుంది. "ఏటే రత్నం, సుకంగా ఉన్నోల్లు తిరిగి రారేటి? అక్కడే కాపరం ఎట్టేసినారేటి?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఈ ఏడు మంచు దూరం జరిగుంటుంది పిన్నీ. దీపం పచ్చగా ఉంది కదా."

"నీ యంత్రం సరిగ్గా సూత్తందా?"

"నలభై ఆరు రోజులుగా ఆగలేదు."

ఆగకపోవడం గొప్ప అనుకుని అన్నాను. ఆమె బిందె ఎత్తుకుని, నా ముఖంలోకి ఒక్క నిమిషం చూసి వెళ్ళింది. తొట్టిలో నీళ్ళు నా మోకాలి ఎత్తున ఉన్నాయి. నలభై రోజులు వస్తాయి, పొదుపుగా వాడితే.

రోజు 51

వంటశాలలో సన్నమ్మకి అంకెలు నేర్పడం పూర్తయింది. కొర్రా సన్నమ్మది పాడేరు కొండలవైపు. ఆమె భర్త సోమన్న పడవలో తాళ్ళ పని చేస్తాడు. ఇద్దరూ గట్టెక్కి ఏడాది కూడా కాలేదు. ఇన్నాళ్ళూ తనకి కొట్టడం రాక ఎవరో ఒకరిని బతిమాలి సోమన్న పేజీ చూపించుకునేది. ఇక తనే కొట్టుకుంటానంది. మూడు గీతల సంగతి మొత్తం చెప్పాను. మా నమ్మకం సంగతి చెప్పడం మరిచిపోయాను. గట్టు మీద పుట్టినవాళ్ళకి అది చెప్పాల్సిన విషయమని తట్టదు.

రోజు 52

దీన్ని జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున పలకలు తుడుస్తుంటే సన్నమ్మ వచ్చింది. చేతికి పిండి. పరిగెత్తుకు వచ్చినట్టుంది.

"అమ్మా, ఎర్ర దీపమంటే ఏంటి?"

"ఎక్కడ చూశావు?"

"మా ఆయన పేరు కొట్టాను. నువ్వు చెప్పినట్టే మూడు గీతలూ కొట్టాను. ఎర్రగా వచ్చింది."

"మూడోది... రోజు కూడా కొట్టావా?"

"కొట్టొద్దా? మా కొండల్లో మనిషి జాడ అడిగితే ఏ సంతకి కనబడ్డాడో అడుగుతాం కదమ్మా. రోజు లేకుండా మనిషిని ఎలాగ అడుగుతారు?"

తుడిచే గుడ్డ అక్కడే వదిలేసి గదిలోకి పరిగెత్తాను. సోమన్న పేరు ఒక్కటే కొట్టాను. పచ్చ. పేరు పక్కన యాభై రెండు కొట్టాను. ఎరుపు.

తర్వాత అక్క పేరు. గీత. ఈసారి వేలు ఆగలేదు. యాభై రెండు, ఎరుపు. యాభై ఒకటి, ఎరుపు. వెనక్కి వెళ్ళాను. నలభై ఐదు దాకా ఎరుపే. నలభై నాలుగు పసుపు. నలభై మూడు, నలభై రెండు, నలభై ఒకటి తెలుపు. నలభై పచ్చ.

నలభై ఒకటో రోజున వాళ్ళు తిరుగుముఖం పట్టారు. నలభై నాలుగున ఆగిపోయారు. నలభై ఐదు నుంచి ఎనిమిది రోజులుగా పంతొమ్మిది మందీ సాయం మీట నొక్కుతున్నారు. మేము ఇక్కడ పచ్చ దీపానికి దండాలు పెడుతున్నాం.

తప్పు వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్క పంక్తి. రోజు ఇవ్వకపోతే 'ఈ రోజు' తీసుకో అని ఫంక్షన్ మొదటి పంక్తిలోనే రాశాను. ఆ పంక్తిని యంత్రం అడిగిన ప్రతిసారీ చదవదు. ప్రోగ్రామ్ ఎక్కించినప్పుడు ఒక్కసారి చదివి, 'ఈ రోజు' అంటే ఎంతో అప్పుడే లెక్కగట్టి దాచుకుంటుంది. నేను ఎక్కించింది ఒకటో రోజున. అప్పటినుంచి రోజు చెప్పకుండా అడిగిన ప్రతివాళ్ళకీ ఒకటో రోజు దీపమే చూపించింది. మధ్యలో సర్వర్ ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలైనా ఆ అంకె మారేది, ఎవరికో ఒకరికి అనుమానం వచ్చేది. ఆగకుండా చూసుకున్నాను. పేజీ మీద రోజైనా ఉంటే మొదటివారమే బయటపడేది. తీసేశాను.

ఇంకెక్కడైనా ఈ తప్పు ఒక్క పూట నిలిచేది కాదు. ఆరు వందల మందిలో ఒక్కరైనా రోజు కొట్టి చూసేవారు. ఇక్కడ ఎవరూ కొట్టరు. నేనూ కొట్టలేదు.

రోజు 52, సాయంత్రం

కూడలిలో గంట కొట్టించి అందరి ముందూ చెప్పాను. రాసుకుని వెళ్ళిన మాటలు ఒక్కటీ పలకలేదు. "తప్పు నాది. మనవాళ్ళు ఎనిమిది రోజులుగా సాయం అడుగుతున్నారు" అన్నాను.

జనం తెర దగ్గరకి జరిగారు.

"సూపించు" అన్నాడు ఎల్లాజీ తాత.

"చూపించాలంటే పేరు పక్కన రోజు కొట్టాలి తాతా. పంతొమ్మిది పేర్లకీ."

మసేనమ్మ ముందుకొచ్చి తెరకి అడ్డంగా నిలబడింది. "నా కొడుకు పేరు పక్కన కొట్టనివ్వను. ఆడు బతికున్నాడు. ఆడికి సెక్క కట్టకు."

"పిన్నీ, వాడు బతికున్నాడు కాబట్టే మీట నొక్కుతున్నాడు."

"నువ్వు సెప్పింది వినే ఇన్నాల్లూ దండాలెట్టినాను."

సన్నమ్మ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మా ఆయన పేరు పక్కన పొద్దునే కొట్టేశానమ్మా. నాకు తెలీక కొట్టాను. పాపముంటే నాకే ముందు తగులుతుంది. తప్పుకో."

మసేనమ్మ తప్పుకుంది. కానీ చూడలేదు. వెనక్కి తిరిగి నిలబడింది. చాలామంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. నేను అక్క పేరుతో మొదలుపెట్టాను. కొట్టిన ప్రతి పేరుకీ ఒక ఎర్ర దీపం వెలిగి తెరమీద నిలిచిపోయింది. మసేనమ్మ కొడుకుదీ ఎరుపే. "నొక్కినాడా? ఇయ్యాల పొద్దున్నే నొక్కినాడా?" అని తెరవైపు తిరక్కుండానే అడిగింది. నొక్కాడన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఎల్లాజీ తాత నన్ను తిట్టలేదు. తిట్లకి సమయం లేదు. "లాగుడు పడవకి నూనెక్కించండి. రేపల్లా సిద్దం సెయ్యాల. ఎల్లుండి తెల్లారి బయల్దేరాల" అని మాత్రం అన్నాడు.

రోజు 54

లాగుడు పడవ తెల్లారి వెళ్ళింది. మంచుపడవ కంటే నాలుగింతల వేగం దానిది. తొమ్మిది రోజులకి సరిపడా నూనె వెళ్ళడానికి, తొమ్మిది రోజులకి రావడానికి. వెతుక్కోవడానికి మిగిలేది ఒక్క పూట.

రేవులో తాతని బతిమాలాను. "నన్ను పంపించు. నేను చేసిన తప్పు."

"అందుకే ఎల్లకూడదు. నువ్వెల్లిపోతే ఆ దీపాలు ఎవులు సూత్తారు?"

అక్క అన్న మాటే. ఆమె అన్నప్పుడు ఎగతాళిలా తోచింది.

అసలు భయం వేరు. పడవ కదులుతోంది. బుడగకి సంకేతం వచ్చే దిక్కు రోజూ కొంచెం తూర్పుకి జరుగుతోంది. వాళ్ళు ప్రవాహంలో కొట్టుకుపోతున్నారు. లాగుడు పడవ వెళ్ళేసరికి అక్కడ ఉండరు. నీళ్ళని పట్టుకునే గుడ్డ లంగరొకటి పడవలో ఉంటుంది, అది దించితే నిలబడతారు. కానీ ఎవరూ రావడం లేదనుకుని ఇంకెటో పోవాలని చూస్తున్నారేమో. వాళ్ళకి ఒక్క మాట చెప్పగలిగితే చాలు. దానికి దారి లేదు. ప్రోగ్రామ్ రాసినప్పుడు అటునుంచి ఇటు రావడమే ఆలోచించాను.

మధ్యాహ్నం ఏమీ తోచక సర్వర్ లాగ్ చదవడం మొదలుపెట్టాను. వచ్చిన ప్రతి అడ్రసూ అందులో ఉంటుంది. చివర్లో 'దొరకలేదు' అనే జాబితా. తప్పుగా కొట్టిన పేర్లుంటాయని దాన్ని ఎప్పుడూ తెరవలేదు.

అందులో పడవ నుంచి వచ్చినవి ఉన్నాయి. పడవ వాళ్ళ చిన్న తెరలోనూ అడ్రసు కొట్టొచ్చు, ఆ సంగతే నాకు తట్టలేదు. మొదటివారం చాలామంది కొట్టారు. పెళ్ళాం పేరు, పిల్లల పేర్లు. నా ఫంక్షన్ పంతొమ్మిది పేర్లలోనే వెతుకుతుంది. గట్టు మీదవాళ్ళు దానికి మనుషులు కారు. అందరికీ 'దొరకలేదు' అని చెప్పింది. పదో రోజుకల్లా అందరూ మానేశారు.

ఒక్కరు మానలేదు. రెండో రోజు నుంచి రోజూ, బుడగ దాటే అరగంటలో, ఒకే అడ్రసు. మనిషి, గీత, నూకరత్నం. దొరకలేదు. మనిషి, గీత, నూకరత్నం. దొరకలేదు. తుపాను రోజుల్లోనూ ఉంది. ఎర్ర మీట నొక్కిన రోజుల్లోనూ ఉంది. యాభై సార్లు అడిగింది నన్ను. యాభై సార్లు నేను లేనని చెప్పించాను.

ఆఖరిది యాభై ఒకటో రోజుది. నిన్నా మొన్నా లేదు. ఇవాళా లేదు.

రోజు 55

నిన్న సాయంత్రంలోగా గట్టు మీదవాళ్ళ కోసం ఇంకో ఫంక్షన్ రాశాను. పేరు వస్తే ఆ మనిషి పేజీ ఇస్తుంది. 'ఈ రోజు' అంటే ఎంతో అడిగిన ప్రతిసారీ లెక్కగడుతుంది. మూడుసార్లు ఆపి, మళ్ళీ నడిపి, వేరే వేరే రోజులు ఇచ్చి చూశాను.

పడవ తెర మీద పట్టేది నలభై అక్షరాలు. చుక్కలూ ఖాళీలూ కలిపి. అక్క ఇంకా అడుగుతుందనే ఆశ ఉంటే, అడిగేది నా పేజీనే. పడవకి మాట చేరే దారి ఇప్పుడు అదొక్కటే. తాతకి చెబితే కూడలిలో అందరినీ పిలిచాడు.

"మంచు పోతే పోనాది, మనుసులు వొచ్చేయండి అని ఎయ్యి" అన్నాడొక ముసలాయన.

"మా ఆయన మందులు పెట్టెలో అడుగునున్నాయని..."

"నీ మొగుడి మందులు ఆడు సూసుకుంటాడు గానీ, నువ్వుండవే!"

"అమ్మోరికి మొక్కుకున్నానని ఎయ్యి, దైర్యంగా ఉంటాది."

తాత చెయ్యెత్తాడు. "లాగుడు పడవ వస్తోంది. లంగరు వేసి ఉండండి. పగలు పొగ పెట్టండి. ఇదే. లెక్కెట్టు."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ముప్ఫై ఆరు. నాలుగు మిగిలాయి.

నాలుగింటిలో ఏం పడుతుందని పెద్ద గోల. మొక్కు పట్టదు. మందులు పట్టవు. చివరికి మసేనమ్మ అంది. నాతో మాట్లాడటం మానేశాక అదే మొదటిసారి. "అడిగేది దీని పేరు కదేటి. పలికేది ఎవులో తెలియాల. పిలవమను."

'అక్కా' అని రెండక్షరాలు. ఒక కామా. ఒక ఖాళీ. నిండిపోయింది.

బుడగ దాటింది. లాగ్‌లో దీపాలు పంతొమ్మిది, ఎరుపు. నా పేరు అడిగినవాళ్ళు లేరు.

రోజు 56

లేరు.

ఇవాళ అరగంటా ముప్ఫై నిమిషాల్లా లేదు. లాగ్ పక్కన కూర్చుని, తనకి ఏ రోజున విసుగొచ్చి ఉంటుందో అని ఆలోచించాను. అక్కకి విసుగు రాదు. నాకు గుణకారం ఎక్కాలు నేర్పినప్పుడు పదమూడో ఎక్కం నలభై సార్లు చెప్పించింది. మరి ఎందుకు అడగడం లేదు? బ్యాటరీ మీటలకే దాచుకుంటున్నారేమో. దీపాలైతే వస్తున్నాయి. దిక్కు ఇంకా తూర్పుకి జరిగింది.

రోజు 57

ఏడు గంటల పన్నెండు నిమిషాలు. మనిషి, గీత, నూకరత్నం.

ఇచ్చాం.

లాగ్‌లో ఆ మాట చూసి కూడా నమ్మలేదు. ఇచ్చిన అక్షరాలు నలభై అని పక్కన ఉంది. మొత్తం చేరింది. నేను గట్టిగా ఏమన్నానో తెలియదు, సన్నమ్మ వంటశాల నుంచి గరిటెతో సహా వచ్చేసింది.

"చదివిందా?"

"చేరింది. చదివిందో లేదో తెలీదు."

"యాభై రోజులు అడిగిన మనిషి చదవకుండా ఉంటుందా, పిచ్చిదానా" అంది. మొదటిసారి నన్ను అమ్మా అనలేదు.

రోజు 58

పొద్దున కూడలిలో జనం. ఇప్పుడు పేజీ మీద పైన రోజు ఉంది, ఎవరూ తీసెయ్యమనలేదు. దీపాలు ఒకటొకటిగా వచ్చాయి. పంతొమ్మిదీ పసుపు. ఆగాం.

విన్నారు. లంగరు వేశారు. ఎర్రది పసుపయినందుకు ఆరు వందల మంది ఈలలు వేసిన చోటు భూమ్మీద ఇంకోటి ఉండదు. మసేనమ్మ తెర దగ్గరకి వెళ్ళి, తన కొడుకు పేరు పక్కన యాభై ఎనిమిది తనే కొట్టింది. ఈసారి చూసింది.

రోజు 63

పొగ కనబడిందని లాగుడు పడవ నుంచి మధ్యాహ్నం కబురు, మంచుపడవకి లేని రేడియో దానికుంది. మంచుముక్క విరిగి వెనక్కి తిరిగి చుక్కానిని నలిపేసిందట. మంచు పోయింది. మనుషులు పంతొమ్మిది మందీ ఉన్నారు. సోమన్నకి చెయ్యి విరిగింది, ఎడమ చెయ్యి. సన్నమ్మ "కుడిది ఉందిగా" అని, తర్వాత వెళ్ళి ఉల్లిపాయలు తరిగింది, అవసరమైన వాటికంటే చాలా ఎక్కువ.

నీళ్ళు ఇక మనిషికి పూటకో చెంబు. పక్క గట్టు వాళ్ళని అడగడానికి తాత వెళ్ళాడు. అది నా వల్లేనని నాకు తెలుసు. అందరికీ తెలుసు. ఎనిమిది రోజుల ముందు తెలిసుంటే మంచు కొంతైనా దక్కేది. ఎవరూ ఆ మాట అనరు. చెంబు అందుకునేటప్పుడు ఒక్క క్షణం నావైపు చూస్తారు, అంతే. ఆ చూపు ఎన్నాళ్ళుంటుందో ఉండనివ్వాలి.

రోజు 64

పంతొమ్మిది తెల్ల దీపాలు.

పక్క గట్టు నుంచి తిరిగొచ్చిన తాతని అడిగాను. "పేజీలో ఇప్పుడేం పెట్టమంటావు?"

"నానేటి సెప్తాను? కబురు పని అయిపోనాది. అది నీ పేజీ."

పొద్దున్నించీ రాసి చెరిపాను. 'రేవుకి రానందుకు' అని మొదలుపెడితే నలభైలో ఎనిమిది అక్కడికే అయిపోయాయి. 'ఎప్పుడొస్తావు' అంటే తనకి తెలిస్తే కదా. తప్పు ఒప్పుకోవడానికి అక్షరాలు చాలవు, చాలినా తను ఆ వాక్యం చివరిదాకా చదవదు, మధ్యలోనే చేత్తో కొట్టిపారేస్తుంది. యాభై రోజులు వరసగా నా పేరు కొట్టినప్పుడు తను తెలుసుకోవాలనుకున్నది ఏమిటి? నాకు తెలుసు. కాలేజీ నుంచి ఫోను చేసినా, జ్వరంతో పడుకున్నా, అలిగి మూల కూర్చున్నా తను మొదట అడిగేది ఒక్కటే.

'అన్నం తిన్నాను. నువ్వు తిన్నావా?' అని పెట్టాను.

రోజు 65

బుడగ ఏడింటికి వాళ్ళ మీదకి వచ్చింది.

ఏడు గంటల మూడు నిమిషాలు. మనిషి, గీత, నూకరత్నం. ఇచ్చాం.

ఏడు గంటల నాలుగు నిమిషాలు. అదే అడ్రసు. ఇచ్చాం.

ఏడు ఆరు. ఏడు ఏడు. ఏడు తొమ్మిది. మొదట యంత్రం తిక్కగా ఉందనుకున్నాను. అక్షరాలన్నీ ప్రతిసారీ చేరుతున్నాయి. పేజీలో మారిందేమీ లేదు. అయినా మళ్ళీ అడుగుతోంది. చూసి, మూసేసి, మళ్ళీ తెరుస్తోంది. బుడగ అంచు దాటేలోపు పదకొండు సార్లు అడిగింది. పదకొండోది సగం చేరాక తెగిపోయింది.

తెర ముందునుంచి లేవలేకపోయాను. వంటశాల గంట కొట్టారు. సన్నమ్మ రెండుసార్లు పిలిచింది. నిన్న మధ్యాహ్నం నుంచి నేనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పేజీ ఇన్నాళ్ళు చెప్పిన అబద్ధాలు చాలు. వెళ్ళి కంచం అడిగి, మెతుకు మిగలకుండా తిన్నాను.